గేజ్ సౌష్ఠవం: 'గేజ్'ను తెలుగు చేయాలా?

ప్రశ్న: భౌతికశాస్త్రంలో ఒకే స్థితిని వేర్వేరుగా రాసినా ఫలితాలు మారకపోవడాన్ని గేజ్ సిమెట్రీ అంటారు. దాన్ని 'మాపక సౌష్ఠవం' అనవచ్చా? గేజ్ అంటే కొలిచేదే కదా.

జవాబు: పుట్టుక చూస్తే మీ మాటే సరి. 1918లో జర్మన్ గణితవేత్త హెర్మన్ వైల్ పొడవు ప్రమాణాన్ని ప్రతి బిందువు దగ్గరా విడిగా ఎంచుకోవచ్చని ఊహించి, తూకాలు కొలతలు సరిచూడడానికి వాడే జర్మన్ మాటను తీసుకున్నాడు. అది నిలవలేదు. అదే నిజమైతే పరమాణువు వర్ణపట రేఖలు అది వచ్చిన దారిని బట్టి మారాలి, మారడం లేదు. ఐన్‌స్టీన్ అప్పుడే ఎత్తిచూపాడు. 1929లో వైలే ఆ ఊహను ఎలక్ట్రాన్ తరంగ దశకు (తరంగం తన ఆవృత్తంలో ఎక్కడుందో చెప్పే కోణానికి) మళ్లించాడు. పొడవు పోయింది, పేరు మిగిలింది. 'మాపకం' అంటే పాఠకుడు లేని కొలబద్దను వెతుక్కుంటాడు. 'గేజ్' అనే ఉంచండి.

ఇంకొకరు: నా పేచీ 'సౌష్ఠవం'తోనే. చతురస్రాన్ని 90 డిగ్రీలు తిప్పడం నిజంగా చేయగలిగిన పని. ఇక్కడ తిప్పేదేమీ లేదు, ఒకే స్థితికి రెండు రాతలు, అంతే. కాంతి కణమైన ఫోటాన్‌కు నాలుగు అంశాల సదిశ రాస్తాం, ఉన్న ధ్రువణాలు (అది కంపించే తీరులు) రెండే. మిగతాది రాతలోని మిగులు.

ప్రశ్న: ఒట్టి మిగులైతే సిద్ధాంతాన్ని ఎలా కట్టడి చేస్తుంది?

జవాబు: ఆ మిగులు ఫలితాల్లో ఎక్కడా తేలకూడదు, కట్టడి అంతా అక్కడే. ఫోటాన్‌కు ద్రవ్యరాశి ఇవ్వాలంటే క్షేత్రం వర్గాన్ని ఒక పదంగా చేర్చాలి. రాత మారిస్తే ఆ పదం విలువ మారిపోతుంది, కాబట్టి నేరుగా చేర్చలేం. ఇంతకంటే గట్టి పరీక్ష క్వాంటమ్ లెక్కలో ఉంది. ప్రోటాన్ లాంటి కణాలకు మూలమైన క్వార్క్‌లలో ఒక తరం, అంటే ఒక జత, విద్యుదావేశాలు 2/3, −1/3. ప్రతి క్వార్క్ 'రంగు' అనే మరో గుణంతో మూడు రకాలు; మూడు రంగులకు కలిపి 1. అదే తరంలోని న్యూట్రినో 0, ఎలక్ట్రాన్ −1. గేజ్ నియమం నిలవాలంటే మొత్తం సున్నా కావాలి, అయింది. అవే ఆవేశాలతో రంగులు రెండే ఉంటే గేజ్ నియమం విరిగి, సిద్ధాంతం పొంతన కోల్పోయేది.

ప్రశ్న: మరి కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం గురించి 'హిగ్స్ వల్ల గేజ్ సౌష్ఠవం భంగమైంది' అని రాస్తుంటారే?

ఇంకొకరు: వాడుకలో చెల్లుతోంది గానీ, స్థానిక (ప్రతి బిందువు దగ్గరా విడిగా వర్తించే) గేజ్ సౌష్ఠవం తనంతట తాను భంగం కాదని 1975లో భౌతికశాస్త్రవేత్త ఎలిట్జర్ నిరూపించాడు. రాతలోని మిగులు విరగడమేమిటి! 'హిగ్స్ క్షేత్రంతో కలిసి, బలహీన బలాన్ని మోసే డబ్ల్యూ, జెడ్ కణాలకు వరుసగా సుమారు 80, 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ద్రవ్యరాశి వచ్చింది' అని రాయండి. 'భంగం' అక్కర్లేదు.