మందు వాడినా బీపీ తగ్గనివారి విషయంలో ఎంఎల్‌హెచ్‌పీ ఎంతవరకు చేయవచ్చు?

నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ చదివి, మన్యంలోని ఒక ఆరోగ్య ఉప కేంద్రంలో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) పనిచేస్తున్నాను. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన ఈ ఏర్పాటులో, బీపీ, షుగర్ ఉన్నవారికి పీహెచ్‌సీ డాక్టరు గారు రాసిన మందులను నెలనెలా అందించి, పరీక్షించి, అవసరమైతే పై ఆసుపత్రికి పంపడం మా బాధ్యత. అయితే మందు వాడుతున్నా బీపీ 160 దాటే ఉంటున్న వృద్ధులు కొండ దిగి పీహెచ్‌సీకి వెళ్లలేరు; సిగ్నల్ లేని రోజున ఈ-సంజీవని (ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ) ద్వారా డాక్టరుతో మాట్లాడించడమూ కుదరదు. మోతాదు మార్చే అధికారం నాకు లేదు, ఉండకూడదన్న వాదనలోనూ న్యాయం ఉంది. కానీ పాత మోతాదే చేతిలో పెట్టి పంపడానికి మనసొప్పడం లేదు. తోటి ఎంఎల్‌హెచ్‌పీలను అడుగుతున్నాను: ఇలాంటి సందర్భాల కోసం మీ వైద్యాధికారి ముందుగానే రాతపూర్వక సూచనలు ఇచ్చారా? ఇస్తే ఏ మందుకు, ఏ హద్దు వరకు అనుమతించారు, రిజిస్టరులో దాన్ని ఎలా నమోదు చేస్తున్నారు? పీహెచ్‌సీ వైద్యులు కూడా దయచేసి తెలియజేయగలరు.