ఊసరవెల్లికి మెష్ కేజా, గ్లాస్ ట్యాంకా?

డాలస్_నాన్న
మా అబ్బాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా ఊసరవెల్లి కావాలని ప్రాణం తీస్తున్నాడు. చివరికి ఒప్పుకున్నాం. ఒక బ్రీడర్ (పెంచి అమ్మేవాడు) దగ్గర వెయిల్డ్ కెమీలియన్ అనే జాతి ఊసరవెల్లి పిల్ల, మగది, మాట్లాడి పెట్టాం. వచ్చే నెల ఇస్తానన్నాడు. షాపులో 18 అంగుళాల గ్లాస్ ట్యాంక్ చూపించి ఇదే బెస్ట్ అన్నారు. నెట్‌లో చూస్తే అందరూ మెష్ (జాలీ) కేజ్ అంటున్నారు. మా ఇంట్లో ఏడాదిలో ఎనిమిది నెలలు ఏసీ నడుస్తుంది. ఏది కొనమంటారు?

హ్యూస్టన్_పచ్చాకు
మెష్ కొనండి, రెండో ఆలోచన వద్దు. ఊసరవెల్లి చెట్టు కొమ్మల మీద గాలిలో బతికే జీవి. గ్లాస్‌లో గాలి కదలదు. వేడి, తడి, కదలని గాలి మూడూ కలిస్తే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తుంది. పైగా అద్దంలో తన బొమ్మ చూసుకుని ఇంకో మగది వచ్చిందని రోజంతా బెదురుతుంది. 18 అంగుళాలు పిల్లకే తప్ప పెద్దదానికి సరిపోదు. కనీసం 24 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 48 ఎత్తు ఉండాలి. అల్యూమినియం మెష్ తీసుకోండి. నైలాన్‌దైతే మేతగా వేసే కీచురాళ్లు కొరికి బయటపడతాయి.

మిన్నెసోటా_వేణి
పచ్చాకు గారూ, హ్యూస్టన్‌లో కూర్చుని దేశమంతటికీ ఒకే కేజ్ చెబితే ఎలా అండీ? మీకు బయట గాలిలోనే తేమ ఉంది. మా ఇంట్లో జనవరిలో హీటర్ నడిస్తే తేమ 20 శాతానికి పడిపోతుంది. మెష్ కేజ్‌లో నీళ్లు స్ప్రే చేస్తే పది నిమిషాల్లో ఆకులు ఎండిపోతాయి. ఈ జీవి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద బొట్లే నాకుతుంది. ఆ బొట్లే నిలవకపోతే ఏం తాగుతుంది? ఇక బొమ్మ సంగతి. గదిలో చీకటిగా, ట్యాంక్‌లో వెలుతురుగా ఉంటేనే లోపలి నుంచి అద్దంలా కనిపిస్తుంది. మూడు వైపులా బ్యాక్‌గ్రౌండ్ అంటిస్తే ఆ బాధ లేదు.

హ్యూస్టన్_పచ్చాకు
నాలుగో వైపు?

మిన్నెసోటా_వేణి
ముందు మొక్క పెట్టండి. గదిలో లైట్ వేయండి.

హ్యూస్టన్_పచ్చాకు
అంటే దాన్ని కాపాడటానికి మనం రోజంతా గదిలో లైట్లు వేసి కూర్చోవాలా? అద్దం వద్దనుకుంటే పోతుంది కదా.

గుంటూరు_గోపి
మన పొలం గట్ల మీద కనిపించే ఊసరవెల్లి వేరే జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. ఇది చదివి ఇక్కడ ఎవరూ కంచె మీద దొరికినదాన్ని ఇంటికి తేవద్దు.

మ్యూనిక్_మధు
మా వైపు గ్లాసే ఎక్కువ వాడతారు, కానీ అన్ని గ్లాసులూ ఒకటి కాదు. ముందు తలుపు కింద గాలి పట్టీ, పైన మెష్ మూత ఉండేది కావాలి. లైట్ వేడికి గాలి పైకి లేస్తుంది, కింది పట్టీలోంచి కొత్త గాలి వస్తుంది. పైన మాత్రమే మెష్ ఉన్న చేపల తొట్టి లాంటి దాంట్లో ఇది జరగదు. మీరిద్దరూ వేరువేరు పెట్టెల గురించి మాట్లాడుకుంటున్నారు.

హ్యూస్టన్_పచ్చాకు
మధు గారూ, షాపువాడు డాలస్ ఆయనకు అమ్మబోయేది మీరు చెప్పే పెట్టె అనుకుంటున్నారా? నాకూ ఇలాగే "కిట్" అంటగట్టారు. గ్లాస్ ట్యాంక్, చుట్టలాంటి యూవీ (అతినీలలోహిత కిరణాల) బల్బు, వేడి బల్బు. మా ఊసరవెల్లి చిట్టి ఐదో నెలలో తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీసేది. రంగు చూపిస్తోందనుకున్నాను. దగ్గరగా చూస్తే నోటి అంచున చిన్న బుడగలు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైంది. మీ మాటలు విని ఇంకో పిల్లాడు నాలాగే ఏడవాలా?

మిన్నెసోటా_వేణి
రోజుకు ఎన్నిసార్లు తడిపేవారు? రాత్రికి లోపల ఆరేదా?

హ్యూస్టన్_పచ్చాకు
అంటే నేనే చంపానంటారు. సూటిగా అనండి.

వరంగల్_పిల్ల
ఇద్దరూ కాస్త తగ్గండి ప్లీజ్. అడిగినాయన ఏమైపోయారో.

మిన్నెసోటా_వేణి
పచ్చాకు గారూ, ఆ మాట అలా అడగాల్సింది కాదు, క్షమించండి. నేనూ ఒకదాన్ని పోగొట్టుకున్నాను. మెష్ కేజ్‌లోనే. నలుగురూ మెష్ అన్నారని కొన్నాను. జనవరి చివరికి కళ్లు లోపలికి పోయాయి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకి వచ్చింది. అది నీళ్లు చాలవని చెప్పే గుర్తని నాకు అప్పుడు తెలియదు. కిడ్నీలు పోయాయన్నారు. అందుకే మెష్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హ్యూస్టన్_పచ్చాకు
తెలియక అన్నాను, మీరూ క్షమించాలి. కానీ మీరు చెప్పినదాంట్లోనే నా పాయింట్ ఉంది. నీళ్లు చాలకపోతే కన్ను చెబుతుంది, రెట్ట చెబుతుంది. చూసి దిద్దుకోవచ్చు. గాలి చెడితే బుడగ కనిపించేదాకా ఏమీ తెలియదు. కొత్తవాళ్లకు తప్పు దిద్దుకునే అవకాశం ఉన్న కేజ్ ఇవ్వాలి.

మిన్నెసోటా_వేణి
చూసేవాళ్లు ఉంటే కదా దిద్దుకోవడం. పిల్లాడు స్కూల్లో, వీళ్లు ఆఫీసుల్లో. ఆయన పెట్టె గురించి అడిగారు కానీ రోజూ ఎవరు చూస్తారో చెప్పలేదు.

డాలస్_నాన్న
అన్నీ చదువుతున్నాను. ఇంకొకటి చెప్పాలి. డిసెంబర్‌లో మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం. ఆటోమేటిక్ మిస్టర్ (టైముకి తనే నీళ్లు స్ప్రే చేసే యంత్రం) పెడితే చాలనుకున్నాం. పక్కింటివాళ్లు పురుగులు వేస్తామన్నారు.

మిన్నెసోటా_వేణి
చాలదండీ. నాజిల్‌లో ఉప్పు పేరుకుని మూసుకుపోతే పురుగులు వేసేవాళ్లకు తెలియదు. పిల్ల ఊసరవెల్లి రెండు మూడు రోజులు నీళ్లు లేకపోతే నీరసించిపోతుంది.

హ్యూస్టన్_పచ్చాకు
ఇందులో వేణి గారి మాటే నా మాట. తిరిగొచ్చాక తెచ్చుకోండి.

మ్యూనిక్_మధు
డాలస్ ఏసీకి మధ్యస్థంగా పొమ్మంటాను. 24×24×48 మెష్ కొని, వెనక, రెండు పక్కలా పలుచని ప్లాస్టిక్ షీట్ బిగించండి. ముందూ పైనా మెష్ వదిలేయండి. గాలి ఆడుతుంది, తడి అంత త్వరగా ఎండదు. వేసవిలో ఒక పక్క షీట్ తీసేయవచ్చు.

హ్యూస్టన్_పచ్చాకు
దానికి నాకు అభ్యంతరం లేదు. రాత్రి ఫాగర్ (పొగమంచు వదిలే యంత్రం) పెడితే మాత్రం గది చల్లబడ్డాకే పెట్టండి. వేడి లైట్ వెలుగుతుండగా పొగమంచు వద్దే వద్దు.

డాలస్_నాన్న
బ్రీడర్‌కి ఫోన్ చేశాను. జనవరి రెండో వారం వరకు తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. ఇవాళ తనే వచ్చి కేజ్ ఇప్పుడే తెప్పించమన్నాడు. మధు గారు చెప్పినట్టు షీట్లు బిగించి, మనీ ప్లాంటూ షెఫ్లెరా పెట్టి, ఉదయం, సాయంత్రం తేమ ఎంతుందో నోట్‌బుక్‌లో రాస్తానంటున్నాడు. యూవీ లైట్ ఎంత ఎత్తులో పెట్టాలి?

మిన్నెసోటా_వేణి
పొడవాటి ట్యూబ్ లైటే కొనండి, చుట్ట బల్బు వద్దు. టీ5 (సన్నని రకం) 6 శాతం యూవీబీ ట్యూబ్‌ని మెష్ మూత మీద పెడితే, ఊసరవెల్లి ఎక్కి కూర్చునే పై కొమ్మ ఆ ట్యూబ్‌కి 8 లేక 9 అంగుళాల కింద ఉండాలి. యూవీబీ (ఈ జీవికి కావాల్సిన యూవీ కిరణాలు) గ్లాస్‌లోంచి దిగదు, అందుకని కిటికీ ఎండ వస్తోంది కదా అని ట్యూబ్ మానేయకండి.

హ్యూస్టన్_పచ్చాకు
ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 85 ఫారెన్‌హీట్ దాటనివ్వకండి. పిల్లకి ఇంకా తక్కువే చాలు. బాబు రాసిన రీడింగ్స్ ఇక్కడ పెట్టండి, రోజూ చూస్తాను.