బాక్స్ ప్లాట్‌లో నడిమి గీతకి ఏ పేరు రాయాలి?

సిరోంచ నుంచి:
మా ఊరి మిర్చి రైతుల లెక్కలు ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో బాక్స్ ప్లాట్‌గా (అంకెల నడిమి సగాన్ని పెట్టెగా, మిగతాది మీసాల్లాంటి గీతలుగా చూపే బొమ్మ) గీసి, ఊళ్లో చూపించడానికి తెలుగులో పేర్లు రాశాను. సిరోంచ మహారాష్ట్రలో ఉంది కాబట్టి నేను చదివింది మరాఠీ మీడియం. అక్కడ మీన్ (సగటు) అంటే మధ్య, మీడియన్ (వరసలో నడిమి అంకె) అంటే మధ్యక. తెలుగు పాఠ్యపుస్తకాల్లో మీన్‌కి అంకమధ్యమం, మీడియన్‌కి మధ్యగతం. నాలుగూ చెవికి ఒకేలా ఉండేసరికి, పెట్టెలోని మందపు గీత పక్కన "మధ్యమం" అని రాసేశాను. అది మీడియన్ గీత! గోడకి అంటించాక గానీ చూసుకోలేదు, అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఐదిళ్ల పంట చూడండి: 8, 9, 10, 11, 32 క్వింటాళ్లు. వరసలో నిలబెడితే నడిమి ఇల్లు 10, సగటేమో 14. నా కాగితం చూసి 10నే సగటనుకుని ఐదుతో హెచ్చవేస్తే 50 వస్తుంది, అసలు పంట 70. అందుకే మీడియన్‌కి "నడిమి విలువ", మీన్‌కి "సరాసరి" అందామా? మరాఠీలోనూ సరాసరీయే, సంతలో అందరికీ తెలిసిన మాట.

మంచిర్యాల నుంచి:
నడిమి విలువ చాలా బాగుంది తమ్ముడూ, మధ్యగతానికి అచ్చంగా అదే అర్థం. సరాసరి మాత్రం వద్దు, "సరాసరి ఇంటికే వచ్చాడు" అని నేరుగా అనే అర్థంలోనూ వాడతాం కదా, సగటు అనే రాయి. ఇంకోమాట, ఆర్ మామూలుగా గీసే బాక్స్ ప్లాట్‌లో సగటు ఉండదు, మనమే పెట్టుకోవాలి. ఆర్‌లో బొమ్మలు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీలో స్టాట్_సమ్మరీ అనే ఫంక్షన్‌కి ఫన్ = మీన్, జియోమ్ = పాయింట్ అని ఇస్తే గుర్తు పడుతుంది. అంకె కూడా కావాలంటే ఇంకో స్టాట్_సమ్మరీ వేసి, జియోమ్ టెక్స్ట్ అని, లేబుల్‌కి ఆఫ్టర్_స్టాట్(వై) ఇవ్వు.

సిరోంచ నుంచి:
పెట్టాను అక్కా. పెట్టె 9 నుంచి 11 దాకా ఉంది, పై మీసం కూడా 11 దగ్గరే ఆగింది, ఎందుకంటే పెట్టె పై అంచు నుంచి పెట్టె ఎత్తుకి ఒకటిన్నర రెట్ల దూరం దాటిన 32ని అది విడి చుక్కగా వదిలేసింది. సగటు 14 పెట్టెకి పైన, ఏ ఇల్లూ లేని చోట పడింది! రెండూ నల్ల చుక్కలైతే 14ని కూడా ఒక ఇల్లు అనుకుంటారని సగటుకి ఎర్ర డైమండ్ ఇచ్చాను. పాత కాగితం పీకేసి కొత్తది అంటించాను: నడిమి ఇల్లు 10, సగటు 14, మొత్తం 70.