3,500 పౌండ్లు, గేరు కారు, కాస్త సరదా: ఏది కొనాలి?

లెస్టర్‌కు కొత్త:

అందరికీ నమస్కారం. నేను ఇండియా నుంచి ఇంగ్లండులోని లెస్టర్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసు ఇరవై రెండు మైళ్ల దూరం, రెండు బస్సులు మారాలి. చీకటితో బయల్దేరి చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్నాను. పాత కారు ఒకటి కొందామని 3,500 పౌండ్లు పక్కన పెట్టాను. ఇంట్లో నేను, నా భార్య, ఆరేళ్ల పాప. తొమ్మిదేళ్లుగా గేరు కారే నడిపాను కాబట్టి ఆటోమేటిక్ వద్దు. నడుపుతుంటే కాస్త సరదాగా ఉండాలి, అలాగని నెలకోసారి మెకానిక్ మొహం చూడాల్సిన పని ఉండకూడదు. ఏ మోడల్ చూడమంటారు?

కోవెంట్రీ వాసి:

తమ్ముడూ, మోడల్ సంగతి తర్వాత. ఆ 3,500లో బీమా ఉందా, లేదా? ఇక్కడ అందరూ బోల్తా పడేది ఇక్కడే. మన దగ్గర తొమ్మిదేళ్లు ఒక్క క్లెయిము లేకుండా నడిపానని చెబితే చాలా కంపెనీలు విని ఊరుకుంటాయి, లెక్కలోకి తీసుకోవు. 2009లో నా మొదటి కారు 1,100 పౌండ్లకు కొన్నాను. దాని బీమా 1,340. కారు కన్నా కాగితం ఖరీదు.

బీమా కోసం కార్లను 1 నుంచి 50 వరకు గ్రూపులుగా విడగొట్టారు. సరదా పెరిగిన కొద్దీ ఆ అంకె కూడా పెరుగుతుంది. కారు చూడటానికి వెళ్లే ముందే దాని నంబరు కొట్టి బీమా ఎంతో చూసుకో. వెళ్లి చూసి మనసు పడ్డాక చూస్తే నీ లెక్కలన్నీ మనసు చెప్పినట్టే వస్తాయి.

గ్లాస్గో నుంచి:

మాజ్దా ఎంఎక్స్-5. ఇంకో మాట లేదు. 1989లో మొదలైన బండి, ప్రపంచంలో రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైనది మరొకటి లేదు. తేలికైన బండి, ఇంజిను ముందు, నడిపేవి వెనక చక్రాలు. గేరు వేయడానికి చెయ్యి కదపనక్కర్లేదు, మణికట్టు కదిపితే చాలు. 2005లో వచ్చిన మూడో తరం చూడండి. రెండో తరం చవగ్గా దొరుకుతుంది, కానీ తలుపుల కింది అంచులూ ముందువైపు అడుగు చట్రమూ లోపల్నుంచి తుప్పు పడతాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోతుంది.

కోవెంట్రీ వాసి:

గ్లాస్గో గారూ, ఆయన ముగ్గురమని రాశారు. ఎంఎక్స్-5లో సీట్లు రెండు. భార్యను డిక్కీలో కూర్చోబెట్టమంటారా?

గ్లాస్గో నుంచి:

ఆఫీసుకు వెళ్లేది ఒక్కరే కదా. కుటుంబమంతా వెళ్లడానికి రైళ్లున్నాయి. సరదా కావాలని అడిగింది ఆయనే, నేను కాదు.

బర్మింగ్‌హామ్ పాతకాపు:

ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. ఐడీపీ, అంటే అంతర్జాతీయ పర్మిట్ లేకుండా ఇక్కడ కారు ముట్టుకోకూడదు. ఇంకొకటి, రోడ్డు ట్యాక్సు మిగిలి ఉన్న కారు కొంటే ఆ నెలలన్నీ మీకే మిగులు. నేను అలాగే కొన్నాను.

మిల్టన్ కీన్స్ అక్క:

పెద్దవారు, ఏమీ అనుకోకండి, రెండూ తప్పే. భారతీయ లైసెన్సుతో ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి పన్నెండు నెలలు నడపవచ్చు, దానికి ఐడీపీ తప్పనిసరి కాదు. ఆ గడువు దాటాక మాత్రం ఇక్కడి ప్రొవిజనల్, అంటే మన ఎల్‌ఎల్‌ఆర్ లాంటి లైసెన్సు, తీసుకుని థియరీ, డ్రైవింగు రెండు పరీక్షలూ పాస్ కావాల్సిందే. మన లైసెన్సు ఇచ్చి ఇక్కడిది మార్చుకునే వీలు లేదు. పరీక్ష గేరు కారులోనే ఇవ్వండి. ఆటోమేటిక్‌లో ఇస్తే ఆటోమేటిక్‌కు మాత్రమే పనికొచ్చే లైసెన్సు వస్తుంది, అప్పుడు మీరు ముచ్చటపడి కొన్న కారు వాకిట్లో బొమ్మలా నిలబడుతుంది. నాలుగు నెలలు ఇప్పటికే గడిచాయి. పరీక్ష తేదీలు అడిగిన వెంటనే దొరకవు, ఈ వారమే మొదలుపెట్టండి.

రోడ్డు ట్యాక్సు 2014 అక్టోబరు నుంచి కారుతో పాటు చేతులు మారడం లేదు. అమ్మినవారికి మిగిలిన నెలల డబ్బు తిరిగి వెళ్తుంది, కొన్నవారు మొదటి రోజే కట్టుకోవాలి.

బర్మింగ్‌హామ్ పాతకాపు:

నేను కొన్నది 2006లో. అప్పుడు నా మాట నిజమే.

మిల్టన్ కీన్స్ అక్క:

నిజమే, అప్పటికి నిజమే. ఇక అసలు ప్రశ్నకు వస్తాను.

మూడు కార్లు చెబుతాను. మాజ్దా2, 2007 తర్వాత వచ్చినది. దాని ముందు తరం కన్నా వంద కిలోల దాకా బరువు తగ్గించి చేశారు, 2008లో వరల్డ్ కార్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం కూడా దానికే వచ్చింది. ఇంజిను చిన్నదే, అయినా మలుపులో బండి మన మాట వింటుంది. రెండోది సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్, 1.6 ఇంజినుది. సరదా దీంట్లోనే ఎక్కువ, బీమా కూడా దీనికే ఎక్కువ. మూడోది హోండా జాజ్. నవ్వకండి. అందరూ దాన్ని పెద్దవాళ్ల కారు అంటారు. అందుకే పెద్దవాళ్లు వేళకు నూనె మార్పించి, రసీదులు ఫైలులో పెట్టి మరీ అమ్ముతారు. గేరు కర్ర నడక కూడా ఆ ధరలో చాలా కార్ల కన్నా హాయిగా ఉంటుంది.

కానీ పదేళ్లు దాటిన కారుకు మోడల్ పేరు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం దాన్ని వాడిన మనిషి. ఆ మనిషిని చూడాలంటే ప్రభుత్వ వెబ్‌సైటులో కారు నంబరు కొట్టి ఎంఓటీ, అంటే కారు రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే పరీక్ష, దాని చరిత్ర తెరవండి, ఉచితం. మూడేళ్లు నిండిన కారుకు ఏటా పరీక్ష ఉంటుంది కాబట్టి ఏటా మైళ్లెన్నో, ఎందుకు ఫెయిలైందో, ఏయే హెచ్చరికలు రాశారో అన్నీ కనిపిస్తాయి. నేను హెచ్చరికలే ముందు చదువుతాను. ఒక కారుకు వరసగా నాలుగేళ్లు ‘వెనక బ్రేకు పైపులకు తుప్పు’ అని రాసి ఉంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వాళ్లు దాని జోలికి పోలేదు. బ్రేకు పైపులనే పట్టించుకోని మనిషి ఇంజిను నూనె వేళకు మార్పించి ఉంటాడా? ఆ కారు చూడటానికి కూడా వెళ్లలేదు. ఇంకో కారుకు హెచ్చరికలు బోలెడు, కానీ ఏ ఒక్కటీ మరుసటి ఏడు మళ్లీ కనిపించలేదు. అదే కొన్నాను, ఏడేళ్లుగా నడుపుతున్నాను.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిను చల్లగా ఉండాలి. ముందే ఫోనులో చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు వినిపించేదేదో మీకు వినిపించకూడదని వాళ్లు అనుకున్నట్టే. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఇంజిను లోపలి టైమింగు గొలుసు గలగలమన్నా, వెనక నీలిపొగ వచ్చినా అప్పుడే తెలుస్తుంది.

గేరు కారు కాబట్టి క్లచ్. రోడ్డు మీద మూడో గేరులోనో నాలుగో గేరులోనో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిను హోరు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. క్లచ్ పళ్లెం ధర పెద్దది కాదు, దాన్ని చేరడానికి గేరుపెట్టె మొత్తం కిందికి దించాలి, ఖర్చంతా ఆ కూలీదే. తర్వాత మూడు నుంచి రెండుకు కాస్త చురుగ్గా దించండి, కరకరమంటే లోపల గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రో అరిగింది. ఇక న్యూట్రల్‌లో నిలబెట్టి వినండి. పెడలు తొక్కినప్పుడు మూలుగు మొదలైతే క్లచ్ బేరింగు. పెడలు వదిలి ఉన్నప్పుడు మూలుగుతూ, తొక్కగానే ఆగిపోతే గేరుపెట్టె లోపలి బేరింగు. రెండోదైతే మంచినీళ్లు తాగి వచ్చేయండి.

స్లౌ నివాసి:

అక్కగారు అంతా చెప్పారు కానీ కారు ఎక్కడ నిలబెట్టి చూపిస్తున్నారన్నది చెప్పలేదు. దానివల్ల నాకేమైందో వినండి.

నా మొదటి కారు అమ్మినాయన ఇంటి ముందు తెల్లటి గులకరాళ్లు పరిచి ఉన్నాయి. కారు ఆ గులకరాళ్ల మీద నిలబెట్టి ఉంది. ఎంత బాగుందో అనుకున్నాను. నడిపి చూశాను, బాగుంది, కొన్నాను. ఇంటికి తెచ్చి అద్దె ఇంటి ముందు లేత రంగు ఇటుకల మీద నిలిపాను. తెల్లవారి చూస్తే రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. మర్నాటికి పళ్లెమంత. ఇంజినుకూ గేరుపెట్టెకూ మధ్యనుండే సీలు నుంచి నూనె చుక్కలుగా కారుతోంది. గులకరాళ్ల మీద ఎంత కారినా సందుల్లోంచి దిగిపోతుంది, మచ్చ కనిపించదు. అది అప్పుడు వెలిగింది.

అట్టముక్కలు పరిచాను. పిల్లి మట్టి పోశాను, నూనె పీల్చుకుంటుందని ఎవరో చెబితే. రాత్రిళ్లు సబ్బుపొడి వేసి చీపురు పుల్లలు విరిగేదాకా రుద్దాను, పక్కింటావిడ కిటికీలోంచి చూస్తూ ఉండేది. మచ్చ కాస్త వెలిసింది, పోలేదు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు యజమాని ఆ మచ్చను పన్నెండు ఫొటోలు తీసి, ఇటుకలు మార్చాలని డిపాజిట్‌లోంచి 280 పౌండ్లు కోత పెడతానన్నాడు. ఇంగ్లండులో డిపాజిట్‌ను ముప్పై రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టాలి, తగువొస్తే ఆ స్కీము వాళ్లే రుసుము లేకుండా తేలుస్తారు. నేను ఇంట్లో చేరిన రోజు తీసిన ఫొటో ఒకటి దొరికింది, అందులో అదే చోట పాత మచ్చ మసగ్గా ఉంది. ఫైసలా రావడానికి రెండు నెలలు పట్టింది. చివరికి 120 పోయాయి. సీలు మార్పించడానికి అయిన ఖర్చు చెప్పను, ఇంట్లో ఇప్పటికీ ఆ అంకె తెలియదు.

కోవెంట్రీ వాసి:

స్లౌ గారూ, మీ కథ మూడోసారి వింటున్నాను. పోయినసారి 90 అన్నారు.

స్లౌ నివాసి:

తొంభై మచ్చకు. ముప్పై చీపురుకు, సబ్బుపొడికి, పిల్లి మట్టికి.

గ్లాస్గో నుంచి:

అక్కగారు చెప్పిన మూడింటిలోనూ ఇంజిను కవాటాలను వేళకు తెరిచి మూసేలా తిప్పేది బెల్టు కాదు, టైమింగు గొలుసే. గొలుసంటే ఇంజిను ఉన్నంత కాలం ఉంటుంది. బెల్టు ఉన్న కారు అసలు కొనకండి.

కోవెంట్రీ వాసి:

ఈ మాట నమ్మి ఎంతమంది మునిగారో. గొలుసుకు ప్రాణం నూనె. నూనె వేళకు మార్చకపోతే గొలుసు సాగుతుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ అరుగుతుంది. బెల్టు అయితే ఫలానా ఏడు మార్చాలని పుస్తకంలో రాసి ఉంటుంది, మార్చినట్టు రసీదు ఉంటే నిశ్చింత. గొలుసుకు రసీదు ఏది?

బెల్టుల్లో జాగ్రత్త పడాల్సింది తడి బెల్టుతోనే. 2012లో వచ్చిన ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌లో బెల్టు నూనెలోనే తిరుగుతుంది. నడుపుతుంటే ముచ్చటైన ఇంజినే. కానీ నూనె సరైనది పోయకపోయినా, వేళకు మార్చకపోయినా బెల్టు పొట్టులా రాలి నూనె పంపు జల్లెడకు అడ్డం పడుతుంది, ఇంజినుకు నూనె అందదు. రసీదుల ఫైలు లేకుండా చవగ్గా దొరికితే ఆ చవక ఎందుకో అదే.

గ్లాస్గో నుంచి:

నేను చెప్పింది మంచి గొలుసుల గురించి.

మిల్టన్ కీన్స్ అక్క:

మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. బాబూ, ఇంకో మూడు విషయాలు. లాగ్‌బుక్‌లో, అంటే మన ఆర్‌సీ లాంటి కాగితంలో, పేరున్నంత మాత్రాన ఆ కారు వాళ్లదేనని కాదు, ఆ కాగితం మీదే అలా అచ్చు వేసి ఉంటుంది. కారు మీద అప్పు మిగిలి ఉంటే అప్పిచ్చినవాళ్లు మీ దగ్గరికి రావచ్చు, అందుకని కొద్దిపాటి రుసుము కట్టి చరిత్ర తనిఖీ చేయించండి. అందులో క్యాట్ ఎస్ అని వస్తే ప్రమాదంలో చట్రం దెబ్బతిని బాగుచేసిన కారు. రెండోది, బర్మింగ్‌హామ్, లండన్ వెళ్లే పని ఉంటే పెట్రోలు కారు యూరో 4 అనే పొగ ప్రమాణానికి తగినదై ఉండాలి, 2006 నుంచి వచ్చినవి దాదాపు అన్నీ అంతే. కాకపోతే రోజుకు బర్మింగ్‌హామ్‌లో 8, లండన్‌లో పన్నెండున్నర పౌండ్లు కట్టాలి. మూడోది టైర్లు. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. నాలుగు టైర్లూ నాలుగు రకాల చవక సరుకైతే నూనె కూడా అలాంటిదే పోసి ఉంటారు.

లెస్టర్‌కు కొత్త:

అక్కగారూ, అన్నగార్లూ, అందరికీ ధన్యవాదాలు. ప్రొవిజనల్‌కు నిన్ననే దరఖాస్తు చేశాను. స్విఫ్ట్ స్పోర్ట్ బీమా చూసి నీళ్లు తాగాను. 2011 మాజ్దా2 ఒకటి కనిపించింది, 1.5 ఇంజిను, 78,000 మైళ్లు, ఇద్దరు యజమానులు. ఎంఓటీ చరిత్రలో ఒకసారి ముందు బ్రేకు డిస్కులు అరిగాయని ఉంది, మరుసటి ఏడు ఆ మాట లేదు. ధర 2,400, బీమా కలిపినా సరిపోతుంది. శనివారం ఉదయం ఎనిమిదికి వస్తాను, ఇంజిను చల్లగా ఉంచండి అని ఫోనులో చెప్పాను. ‘ఎందుకు?’ అని అడిగాడు.

కోవెంట్రీ వాసి:

అడిగితే తప్పేమీ లేదు. వెళ్లాక బానెట్ వేడిగా ఉంటే అప్పుడు ఆలోచించు.

గ్లాస్గో నుంచి:

ఎంఎక్స్-5 ఒకటి కూడా నడిపి చూడండి. కొనమనడం లేదు.

స్లౌ నివాసి:

ఫొటోలో కారు దేని మీద నిలిపి ఉంది?

లెస్టర్‌కు కొత్త:

ఇప్పుడే పెద్దది చేసి చూశాను. గులకరాళ్లే అన్నగారూ. ముందు రోడ్డు మీదికి తీయమంటాను, అరగంట అక్కడే నిలబడి మాట్లాడతాను.