పిల్లల వార్డు సిబ్బందికి తట్టు టీకా తప్పనిసరి చేయాలా?

రాత్రిడ్యూటీ (స్టాఫ్ నర్సు):
ఏడాదిన్నర బాబు జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్ళతో మా పిల్లల వార్డుకొచ్చాడు. న్యుమోనియా అని కేస్‌షీట్ రాసి హాల్లోనే బెడ్ ఇచ్చాం. మూడోరోజు పొద్దున చెవుల వెనక దద్దుర్లు మొదలై మొహం మీదికి దిగాయి. చూస్తే తట్టు. పది పన్నెండు రోజులకి పక్క బెడ్ పాపకీ, మా స్వీపరమ్మకీ జ్వరం. ఇప్పుడు పైవాళ్ళు "రెండు డోసుల కాగితం లేకపోతే ఈ వార్డులో డ్యూటీ లేదు" అంటున్నారు. నా చిన్నప్పటి టీకా కాగితం మా అమ్మ దగ్గరే లేదు. ఇదేం న్యాయం?

పసిపిల్లల డాక్టరు:
కాగితం అడగడం మూర్ఖత్వం, టీకా అడగడం న్యాయం. మన దేశంలో తట్టు టీకా సార్వత్రిక కార్యక్రమంలోకి వచ్చింది 1985లో. రెండో డోసు 2010లో గానీ రాలేదు. అంటే ఇప్పుడు పాతికా ముప్పై ఏళ్ళున్న నర్సులు చాలామందికి తొమ్మిదో నెలలో పడ్డ ఒక్క డోసే. ఆ వయసులో వేసిన ఒక్క డోసు నూటికి 85 మందినే కాపాడుతుంది. పెద్ద సిస్టర్లకి చిన్నప్పుడే తట్టు వచ్చి పోయుంటుంది, వాళ్ళకి బెంగ లేదు. రక్తపరీక్షల ఖర్చెందుకు, అందరికీ ఇంకో డోసు వేసేయండి. ఇదివరకే రక్షణ ఉన్నవాళ్ళకి వేసినా నష్టం లేదు.

కాంట్రాక్టు కార్మికుడు:
డాక్టరుగారూ, మీరు సిస్టర్ల దగ్గరే ఆగిపోయారు. ఆ స్వీపరమ్మ సంగతి? రక్షణ లేని మనిషి తట్టు రోగి దగ్గర మసిలితే 5వ రోజు నుంచి 21వ రోజు దాకా డ్యూటీకి రాకూడదంటారు కదా. రెగ్యులర్ వాళ్ళకి సెలవుంటుంది. ఏజెన్సీ మనిషికి రాని రోజు జీతం కట్. చెప్తే కూలి పోతుందని జ్వరం మాత్ర మింగి వస్తుంది. ముందు ఆ రోజుల జీతం రాసివ్వండి, తర్వాత రూల్ పెట్టండి.

హాంబర్గ్‌లో నర్సు:
ఇక్కడ 2020 మార్చి నుంచి చట్టమే ఉంది. 1970 తర్వాత పుట్టి ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు టీకా అయినా, రక్షణ ఉన్నట్టు పరీక్ష అయినా చూపించాలి. చేరేటప్పుడు నన్నూ అడిగారు. కాగితం లేదంటే టీకా వేశారు, అంతే. ఎవరూ అవమానంగా అనుకోలేదు.

పాత కాంపౌండరు:
జర్మనీ సంగతులు మనకెందుకమ్మా. ఈ వైరస్ రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. అలాంటప్పుడు దద్దుర్లున్న పిల్లని ఓపీ లైన్లో ఎందుకు నిలబెడుతున్నారు? మా రోజుల్లో గేటు పక్క చెట్టు కింద బెంచీ వేసి అక్కడే చూసేవాళ్ళం. ఊళ్ళో అమ్మవారు పోసిందని వేపాకు కట్టి బయటివాళ్ళని రానివ్వరు చూడండి, ఆ పాటి దూరం ఆసుపత్రిలో లేదు.

పసిపిల్లల డాక్టరు:
చెట్టు కింద బెంచీ మంచిదే, నేను కాదనను. ఏసీ హాలు కన్నా ఆరుబయలు వంద రెట్లు నయం. కానీ దద్దుర్లకి 4 రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఈ బాబు వచ్చినప్పుడు ఒంటి మీద ఏమీ లేదుగా, మీ బెంచీ మీద కూర్చోబెట్టే వాళ్ళు కాదు, లోపలికే పంపేవాళ్ళు. ఇంకోటి. పక్క పిల్లలకి టీకాతో ఆపాలంటే మొదట తగిలిన 72 గంటల్లోపు వేయాలి. దద్దుర్లు కనబడేసరికే ఆ గడువు దాదాపు అయిపోయింది. నెలల పిల్లలకి ఇమ్యునోగ్లోబులిన్ (తయారైన యాంటీబాడీల ఇంజెక్షన్) అయితే 6 రోజుల దాకా సమయముంది, అది మీ దగ్గర దొరికితే. అందుకే సిబ్బందికి ముందే రక్షణ ఉండాలంటాను. జీతం విషయంలో మాత్రం ఆ కార్మిక సోదరుడిదే సరైన మాట, దానికి నా దగ్గర జవాబు లేదు.

రాత్రిడ్యూటీ:
సరే సార్, కాగితం కాదు టీకా అంటే నేనూ వేయించుకుంటా. మా దగ్గర ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) పిల్లల లెక్కకే వస్తుంది, బయట ఎంఎంఆర్ (వాటితో పాటు గవదబిళ్ళలకీ కలిపిన టీకా) కొనుక్కోవాలి. స్వీపరమ్మకి ఎవరు కొనిస్తారో సూపరింటెండెంట్ గారిని రేపు అడుగుతాను. ఇంకో డౌటు, మా వార్డులో ఒకమ్మాయికి ఐదో నెల.

పసిపిల్లల డాక్టరు:
ఆమెకి వద్దు, గర్భిణులకి ఈ టీకా వేయరు. డెలివరీ అయ్యాక వేయించుకోమనండి. అప్పటిదాకా ఆమెని వేరే వార్డుకి మార్చమని అడగండి, రూల్ వచ్చేదాకా ఆగకండి.