రక్తం చూస్తే తమ్ముడు ఆడమనిషట! ఇలాంటి డీఎన్‌ఏ రిపోర్టు ఎవరికైనా వచ్చిందా?

గడ్డిపోచ:
నేనూ మా తమ్ముడూ ఒక తల్లి బిడ్డలమని రుజువు చూపించాల్సి వచ్చింది. అమ్మ లేదు. కాగితాల్లో ఆవిడ పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. అందుకని డీఎన్‌ఏ టెస్టు చేయించుకు రమ్మన్నారు. నాది సాఫీగా అయిపోయింది. తమ్ముడి చెంప లోపల పుల్లతో రుద్ది తీసిన శాంపిల్‌లో మాత్రం ఇద్దరి డీఎన్‌ఏ కనిపిస్తోందన్నారు. ఎవరిదో కలిసిపోయి ఉంటుంది, రక్తమైతే గట్టిగా తేలుతుందని రక్తం తీసుకున్నారు. తీరా చూస్తే ఆ రక్తం ఇచ్చింది స్త్రీ అని వచ్చింది! పైగా ఆవిడకూ నాకూ ఏ చుట్టరికమూ లేదట. మావాడు ఆరడుగుల మనిషి, గుబురు గడ్డం. వాడి బదులు ఇంకెవరినో పంపామన్నట్టు చూశారు ల్యాబ్‌లో. నెట్‌లో వెతికితే ఒకే ఒంట్లో ఇద్దరి డీఎన్‌ఏ ఉండేవాళ్ళను కైమెరా అంటారని ఏదో వచ్చింది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

పాతకాపు:
శాంపిల్ మారిపోయి ఉంటుందండీ. ముందు మామూలు కారణాలు చూసుకోండి, వింతల సంగతి తర్వాత. మా ఇంట్లో సరదాకి కిట్లు తెప్పించి, నాన్న గొట్టం మీద పెదనాన్న స్టిక్కరు, పెదనాన్న గొట్టం మీద నాన్న స్టిక్కరు అంటించాం. రిపోర్టు వచ్చాక వారం రోజులపాటు నేను పెదనాన్న కొడుకుని. ఆ వారం అమ్మ ముఖం చూడాలి.

సగంసగం:
మారిపోతే రెండుసార్లూ మారుతుందా? నాకైతే కైమెరిజమే అనిపిస్తోంది. అమెరికాలో లిడియా ఫెయిర్‌చైల్డ్ కేసు చదవండి. 2002లో వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెడితే కుటుంబం మొత్తానికి టెస్టు చేశారు. పిల్లల తండ్రిగా ఆమె చెప్పినతనే తండ్రి అని తేలింది కానీ తల్లి ఈమె కాదన్నారు! కన్నతల్లిని పట్టుకుని మోసం కేసు అన్నారు. అప్పటికి ఆమె మళ్ళీ కడుపుతో ఉంది. కాన్పు దగ్గర కోర్టు తరఫున ఒక మనిషిని నిలబెట్టి, బిడ్డ పుట్టగానే రక్తం తీయించారు. ఆ బిడ్డకూ తల్లి కాదనే వచ్చింది. చివరికి గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల్లో రెండో డీఎన్‌ఏ దొరికి బయటపడింది. మన జరాసంధుడి కథే అనుకోండి.

ల్యాబ్‌గోడ:
జరాసంధుడు కాదండీ, తిరగేసి చెబుతున్నారు. అతనివి రెండు సగాలు కలిస్తే ఒక మనిషి. కైమెరాలో రెండు నిండు పిండాలు, అంటే విడివిడిగా పుడితే కవలలు కావలసినవాళ్ళు, మొదటి రోజుల్లోనే అతుక్కుని ఒకే మనిషి అవుతారు. ఒంట్లో కొన్ని చోట్ల ఒకరి కణాలు, కొన్ని చోట్ల ఇంకొకరివి. ఫెయిర్‌చైల్డ్ కేసులో కీలకం ఇంకోటి ఉంది. ఆ పిల్లల డీఎన్‌ఏ ఆమె తల్లితో, అంటే అమ్మమ్మతో, సరిగ్గా మనవలకు ఉండాల్సినంత కలిసింది. ఎవరి పిల్లలనో తెచ్చి చూపిస్తే అలా కలవదు కదా.

గడ్డిపోచ గారూ, ఒక్క మాట అడుగుతాను. మీ తమ్ముడికి ఎప్పుడైనా ఎముక మజ్జ మార్పిడి జరిగిందా? బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అంటారే, అది.

గడ్డిపోచ:
జరిగిందండీ, పదకొండేళ్ళ క్రితం. లుకేమియా. నా మజ్జ సరిపోకపోతే రిజిస్ట్రీలో ఎవరో దాత దొరికారు. ఎవరో ఏమిటో మాకు తెలియదు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా? అదెప్పుడో తగ్గిపోయిన జబ్బు కదా అని ఎవరికీ చెప్పనేలేదు.

ల్యాబ్‌గోడ:
అంతా అక్కడే ఉంది, ఇక హాయిగా పడుకోండి. రక్తకణాలు పుట్టేది మజ్జలో. ఆ మజ్జ దాతది కాబట్టి, మార్పిడి బాగా కుదిరితే రక్తంలోని తెల్లకణాలన్నీ దాత డీఎన్‌ఏతోనే పుడతాయి. ఎర్రకణాల్లో డీఎన్‌ఏ ఉండే కేంద్రకం ఉండదు, అందుకని రక్తంలో మేం చదివేది తెల్లకణాల డీఎన్‌ఏనే. ఆ దాత స్త్రీ అయితే రక్తం స్త్రీదనే చెబుతుంది, గడ్డం ఎంత గుబురుగా ఉన్నా! చెంప లోపలి చర్మం మాత్రం మీ తమ్ముడిదే. కానీ లాలాజలంలోకి కూడా తెల్లకణాలు వస్తుంటాయి. అందుకే పుల్లకు ఇద్దరూ తగిలారు. ఇందులో దెబ్బ ఏమిటంటే, మొదటి శాంపిల్‌లోనే కాస్త నిజం ఉంది. దాన్ని కల్తీ అనుకుని "గట్టిగా తేలే" రక్తానికి వెళ్ళి, తమ్ముడిని పూర్తిగా మాయం చేసేశారు. మజ్జ మార్పిడి జరిగిందా అని శాంపిల్ తీసే ముందే అడగాలి. అడగకపోవడం ల్యాబ్ తప్పు, మీది కాదు.

ఇప్పుడు చేయాల్సింది: కుదుళ్ళతో సహా పీకిన తల వెంట్రుకలు ఇవ్వండి. గోళ్ళలో ఒక్కోసారి దాత డీఎన్‌ఏ కొంచెం కనిపిస్తుంది, వెంట్రుకలే నయం. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం జతచేయండి.

మూడోమంచం:
నాదీ ఇదే బాపతు. మా అక్క మజ్జ ఇచ్చింది. అంతకుముందు నా బ్లడ్ గ్రూపు బి, ఇప్పుడు అక్కలాగా ఓ. పాత గ్రూపు కార్డు చాలాకాలం పర్సులోనే ఉంచుకుని, ఒకసారి పొరపాటున అదే చూపించబోయాను. మజ్జ మార్పిడి అయినవాళ్ళు ఆ కార్డు ఈరోజే చించేయండి. ఊరికే సరదాకి వంశవృక్షం టెస్టు చేయించుకుంటే అక్క పేరు పక్కన "ఏకరూప కవల" అని వచ్చింది. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద!

2019లో వార్తల్లో వచ్చింది గుర్తుందా? నెవాడాలో వాషో కౌంటీ షెరిఫ్ ఆఫీసులో పనిచేసే ఒకాయన మజ్జ మార్పిడి తర్వాత తన ఒంటినే పరీక్షకు పెట్టాడు. నాలుగేళ్ళకు పెదవులు, చెంపల మీద ఇద్దరి డీఎన్‌ఏ ఉంది. మారకుండా మిగిలింది తల మీద, ఛాతీ మీద వెంట్రుకలే. వీర్యంలో కూడా మొత్తం దాతదే కనిపించింది. ఆయనకు అంతకుముందే వేసెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు చేసే ఆపరేషన్, అయింది కాబట్టి అది శుక్రకణాల సంగతి కాదు.

నీలికళ్ళజోడు:
ఇక్కడ అడగొచ్చో లేదో. ఇంట్లోనే చేసే కిట్టులో మా బాబు నా కొడుకు కాదని వచ్చింది. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. నేనే కైమెరా అయ్యే అవకాశం ఉందా? ఉందని ఎవరైనా అంటే బాగుండు.

ల్యాబ్‌గోడ:
అవకాశం ఉంది, చాలా అరుదు. మీకు ఊరట కోసం చెప్పడం లేదు, బెదిరించడానికీ కాదు. 2015లో బయటికి వచ్చిన కేసు ఒకటుంది, అదీ వాషింగ్టన్ రాష్ట్రమే. తల్లిదండ్రులిద్దరిదీ ఎ గ్రూపు, బాబుది ఎబి. మామూలుగా అలా రాకూడదు. సంతాన చికిత్సతో పుట్టిన బిడ్డ కనుక క్లినిక్‌లో వీర్యం మారిపోయిందనుకున్నారు. విస్తృతంగా డీఎన్‌ఏ చదివే టెస్టు చేయిస్తే తండ్రి కాస్తా బాబాయి వరస అయ్యాడు! పుట్టకుండానే కలిసిపోయిన తన కవల సోదరుడి డీఎన్‌ఏ అతని శుక్రకణాల్లో సుమారు 10 శాతం ఉంది. బిడ్డ ఆ వాటాలోంచి వచ్చాడు.

కాబట్టి మీరు చూడాల్సింది ఇదీ. తండ్రి కైమెరా అయితే బిడ్డ పరాయివాడిలా కనిపించడు, సుమారు పాతిక శాతం కలిసి అన్న కొడుకులా కనిపిస్తాడు. అసలేమీ కలవకపోతే కైమెరిజం మీద ఆశ పెట్టుకోవద్దు. అన్నట్టు, కొద్ది గుర్తులే చూసే కిట్టులో ఒకటి రెండు చోట్ల తేడా వస్తే అది మామూలు మ్యుటేషన్, అంటే డీఎన్‌ఏలో సహజంగా వచ్చే చిన్న మార్పు, కూడా కావచ్చు. గుర్తింపు చూసి శాంపిల్ తీసే చోట, తల్లి శాంపిల్ కూడా ఇచ్చి మళ్ళీ చేయించండి. అంటే ఆవిడకు చెప్పక తప్పదు.

పాతకాపు:
"కవల" వాదాన్ని అడ్డం పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు లెండి. సైకిల్ పందేల టైలర్ హామిల్టన్ రక్తంలో 2004లో వేరే మనిషి కణాలు దొరికాయి, సత్తువ కోసం పరాయి రక్తం ఎక్కించుకున్నాడన్నారు. కడుపులోనే మాయమైన కవలవి కావచ్చని వాదించారు. ఒప్పుకోలేదు, రెండేళ్ళు నిషేధించారు. 2011లో డోపింగ్ చేసిన మాట తనే ఒప్పుకున్నాడు.

సగంసగం:
అయినా నిజంగా కవల రక్తం మోసినవాళ్ళు ఉన్నారు కదా. 1953లో ఇంగ్లండ్‌లో రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒకావిడకు ఓ, ఎ రెండు గ్రూపుల కణాలూ ఉన్నాయట. మీరు కవలల్లో ఒకరా అని అడిగితే అవునంది. తమ్ముడో అన్నో, మూడు నెలల పసివాడిగానే పోయాడు. పాతికేళ్ళు దాటినా అతని రక్తం ఈవిడలో పుడుతూనే ఉంది.

ల్యాబ్‌గోడ:
అది నిజమే. కడుపులో కవలల రక్తనాళాలు కలిస్తే ఒకరి మూలకణాలు ఇంకొకరి మజ్జలో స్థిరపడతాయి. కవల దూడల్లో రే ఓవెన్ 1945లోనే చూపించాడు.

వానచినుకు:
మీ చర్చకు ఇది సూటిగా సంబంధించినది కాదేమో. ఇద్దరు మగపిల్లల తల్లిని. ఒక బిడ్డ దక్కలేదు. కడుపులో ఉన్న బిడ్డ కణాలు మాయ దాటి తల్లి ఒంట్లోకి వస్తాయనీ, కాన్పయిన 27 ఏళ్ళకు కూడా దొరికాయనీ చదివాను. 1996 నాటి పరిశోధన. నిజమేనా?

ల్యాబ్‌గోడ:
నిజమేనమ్మా. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, చనిపోయిన 59 మంది స్త్రీల మెదళ్ళు చూస్తే 63 శాతం మందిలో మగ డీఎన్‌ఏ దొరికింది. చాలా కొద్ది కణాలు, మామూలు టెస్టుల్లో కనబడవు. బిడ్డ దక్కని కాన్పు నుంచి కూడా కణాలు వస్తాయి.

వానచినుకు:
ఆ చివరి మాట కోసమే అడిగాను. సంతోషం.

గడ్డిపోచ:
మూడు వారాల తర్వాత వస్తున్నా. డిశ్చార్జి కాగితం చూపించాక ల్యాబ్ పెద్దాయన నవ్వి, "ముందే చెప్పాల్సిందమ్మా" అన్నారు. మీరే ముందు అడగాల్సింది కదా అన్నాను, ల్యాబ్‌గోడ గారి ధైర్యంతో. వెంట్రుకలు ఇరవై దాకా పీకారు, వాడు కేకలు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలయ్యే అవకాశం చాలా ఎక్కువ అని వచ్చింది. తోబుట్టువుల టెస్టులో అంతకంటే గట్టిగా రాయరట.

ఆఫీసులో కొత్త రిపోర్టు తీసుకున్నారు. పాతది చించేద్దామంటే తమ్ముడు ఒప్పుకోవడం లేదు. మజ్జ ఇచ్చింది ఆడమనిషని వాడికి తెలిసింది ఆ కాగితంలోనే.