స్లీవ్ ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు, ఇక మన తిండి ఎలా మొదలుపెట్టాలి?

రావులపాలెం కోడలు:

అందరికీ నమస్కారం అండి. నాకు బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయ్యి ఈ శనివారానికి ఆరు వారాలు. మొదటి రెండు వారాలు నీళ్ళలాంటివి, తర్వాత రెండు వారాలు మిక్సీ వేసిన గుజ్జు, ఆ తర్వాత మెత్తటివి, అన్నీ చెప్పినట్టే చేశాను, ఎక్కడా ఇబ్బంది రాలేదు. మొన్న చెకప్‌కి వెళ్తే ఇక గట్టి తిండి మెల్లగా మొదలుపెట్టమన్నారు, చేతికో కాగితం ఇచ్చారు. అందులో చూస్తే ఓట్స్, కాటేజ్ చీజ్, ట్యూనా, గ్రిల్డ్ చికెన్. ట్యూనా నేనెక్కడ తెచ్చుకోను? మా ఇంట్లో పొద్దున ఇడ్లీనో పెసరట్టో, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పులుసు, రాత్రికి మళ్ళీ అన్నం, అంతే.

నిన్న ధైర్యం చేసి పప్పన్నం కలుపుకున్నాను. రెండు ముద్దలు బాగానే దిగాయి, మూడో ముద్దకి గుండెల మధ్య రాయి పెట్టినట్టు పట్టేసింది, నోట్లో నురగ ఊరింది, పెరట్లో పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి, కక్కేస్తే గానీ తేలిక పడలేదు. మా అత్తగారు హడలిపోయారు. "మూడు ముద్దలు పట్టని పొట్టేంటమ్మా" అని అప్పటి నుంచీ ఒకటే బాధ.

రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ తినాలంటున్నారు, మన వంటలతో అది కుదిరే పనేనా? ఇంకో మాట, నవ్వకండి. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి, మా మావగారు ఈ వారం పులస తెస్తారట. ఒక్క ముక్క తినొచ్చా?

భీమవరం బాబాయ్:

అమ్మా, నాకు స్లీవ్ అయ్యి మూడేళ్ళు. నీకు జరిగింది నాకూ జరిగింది, నాకైతే పెళ్ళి భోజనాల్లో, పక్కన వియ్యపురాలు కూర్చుని ఉండగా. ముందు అన్నం సంగతి. స్లీవ్‌లో పొట్టని ముప్పాతిక పైన తీసేస్తారు, మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. మన పప్పన్నం ముద్ద నెయ్యితో నునుపుగా జారుతుంది కదా అని నమలకుండా మింగేస్తాం, పుట్టినప్పటి నుంచీ అదే అలవాటు. అది లోపలికెళ్ళి జిగురుగా ఒకే ఉండై కూర్చుంటుంది. అందుకే అన్నం అన్నిటికంటే చివర్లో రావాలి, అదీ రెండు చెంచాలు. నేను నాలుగో నెల దాకా అన్నం జోలికే వెళ్ళలేదు, వరిచేల మధ్య పుట్టినోడికి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

కంచం పక్కన పెట్టెయ్. చిన్న గిన్నె, పసిపిల్లలకి పెట్టే చెంచా తీసుకో. ముందు గుడ్డో చేపో పప్పో, ఆ తర్వాత కూర, చోటుంటే అప్పుడు అన్నం. చెంచాకి ఇరవైసార్లు నమలాలి, ఇరవై ఐదు నిమిషాలు పట్టినా సరే. తింటూ నీళ్ళు తాగకు, తిన్నాక అరగంట ఆగు. ఇంకొక్క చెంచా పడుతుంది అనిపించినప్పుడే ఆపెయ్, ఆ చెంచాయే కక్కిస్తుంది.

చేప విషయంలో నువ్వు అదృష్టవంతురాలివి, డెల్టాలో పుట్టి ట్యూనా కోసం ఏడవడమేంటి! కొర్రమీను, పండుగొప్ప, చందువా, ఈ మూడింటికీ ముళ్ళు తక్కువ. ఉప్పు, పసుపు రాసి ఆవిరి మీద ఉడికించు, రేకులు రేకులుగా విడిపోతుంది, దాని మీద పల్చటి పులుసు రెండు చెంచాలు పోసుకో. వేపుడు వద్దు, పొడిబారిన ముక్క ఇప్పుడు నీకు శత్రువే. పులస అంటావా, దాంట్లో సన్నముళ్ళు ఎన్నో నీకు తెలియనిదా, పైగా నూనె చేప. పుస్తెలమ్మి తినాలన్నారు గానీ పొట్ట కోయించుకున్న ఆరు వారాలకే తినమని ఎవరూ అనలేదు. పులుసు మాత్రం వడగట్టి ఒక చెంచా నాలిక్కి రాసుకో, మీ మావగారు బాధపడకుండా. మరీ కారంగా ఉంటే అదీ వద్దు.

కొబ్బరిచెట్టు గట్టు:

నాది స్లీవ్ కాదు, పొట్టని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే బైపాస్, అమలాపురం దగ్గర మాది. ఇంట్లో గేదె ఈనింది, జున్నులో ప్రొటీన్ బాగా ఉంటుంది కదా అని మా పిన్ని గిన్నెడు ఇచ్చింది, నేనూ ప్రొటీనే కదా అనుకున్నాను. అందులో బెల్లం సంగతి మర్చిపోయా. పావుగంటలో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం, గంటసేపు మంచం మీద. తీపి ఒక్కసారిగా పేగులోకి జారిపోతే అలా అవుతుందట, డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్ళకి ఎక్కువ, స్లీవ్ వాళ్ళకి తక్కువ గానీ అసలు రాదని కాదు. ఇంటికొచ్చినవాళ్ళు పూతరేకులో కాజాలో లేకుండా ఊరికే రారు, చేతిలో పెట్టి నోట్లో పెట్టేదాకా వదలరు, మన గోదావరి మర్యాద. నేనిప్పుడు తీసుకుని "రాత్రికి తింటానండి" అని పక్కన పెట్టేస్తా.

మాత్రలు మానకండి. బి12, ఐరన్, కాల్షియం రోజూ వేసుకోవాలి, బరువు తగ్గిపోయాం కదా అని ఆపేవాళ్ళని చూశాను. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు తేడా ఉండాలి.

చాదస్తం సుబ్బులు:

ఇవన్నీ ఎందుకండీ, పాతకాలంలో జబ్బు చేసి లేచినవాళ్ళకి గంజీ చద్దన్నమే పెట్టేవారు, పది రోజుల్లో లేచి తిరిగేవారు.

పాలకొల్లు వంటిల్లు:

సుబ్బులు గారూ, గంజిలో పిండిపదార్థమే గానీ ప్రొటీన్ ఎంతుంటుంది చెప్పండి? ఆమె పొట్టలో పట్టేది ఒక చిన్న కప్పు, అది గంజితో నిండిపోతే మిగతాది ఎక్కడ పెడుతుంది? జ్వరం తగ్గినవాళ్ళ సంగతి వేరు. మా ఆయనకి ఈ ఆపరేషన్ అయ్యాక ప్రొటీన్ చాలక, రెండు నెలల్లో జుట్టు దువ్వెనకి అంటుకొచ్చేసింది, నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

కోడలమ్మా, మా ఆయనకి చేసినవి చెబుతాను, వేరే వంట అక్కర్లేదు, మీ ఇంటి గిన్నెలోంచే తీయొచ్చు. పెసరపప్పులో ఆనపకాయ ముక్కలు వేసి బాగా మెత్తగా ఉడికించి, తాలింపుకీ కారానికీ ముందే మీకో గిన్నె తీసుకోండి, మిగిలినదానికి పోపు పెట్టుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. బీరకాయ, పొట్లకాయ కూడా అంతే, గింజా తొక్కా తీసేసి. పెసరట్టు పల్చగా, చిన్నగా, నూనె చుక్కతో, అంచు కరకరలాడకముందే తీసి సగం తినండి, ఉప్మా లోపల పెట్టుకోకుండా! గుడ్డు పొరటు మనం ఎండబెట్టేస్తాం, అది గొంతులో పడదు. రెండు చెంచాల పాలు కలిపి సన్నసెగ మీద తడితడిగా ఉన్నప్పుడే దించండి. పాలు విరగ్గొట్టి తీసిన పనీర్ చేత్తో నలిపి టమాటా గుజ్జులో కలిపితే మీ కాగితంలో ఉన్న కాటేజ్ చీజ్ దాదాపు అదే. పెరుగుని గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీస్తే గట్టిగా, పుల్లగా ఉంటుంది, నీళ్ళ బరువు ఉండదు. రొయ్యలు ఇంకో నెల ఆగాక బీరకాయతో, సన్నగా తరిగి, ఎక్కువ ఉడికిస్తే రబ్బరే. చికెన్ కీమా చేసి పులుసులో, ముక్కలు ఇప్పుడే వద్దు.

60 గ్రాముల లెక్క ఇలా వేసుకున్నాం. గుడ్డు ఒకటి ఆరు, యాభై గ్రాముల చేప తొమ్మిది పది, యాభై గ్రాముల పనీర్ తొమ్మిది, గిన్నెడు పప్పు అయిదారు. ఇక్కడికి ముప్పై. మిగతా సగం తిండితో ఇప్పుడే రాదు, డాక్టర్ రాసిన ప్రొటీన్ పొడిని పాలలోనో మజ్జిగలోనో కలుపుకుని రెండు విడతల్లో తాగాల్సిందే. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఒకసారి పట్టేస్తే ఆ పూటకి తిండి ఆపి, తేలిక పడ్డాక మెల్లగా గుక్కలు గుక్కలుగా నీళ్ళు తాగండి. నీళ్ళు కూడా నిలవకుండా అదే పనిగా కక్కుతుంటే మాత్రం ఇంటి చిట్కాలు వద్దు, అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి. అలా కక్కుతూ ఉంటే బి1 విటమిన్ పడిపోయి నరాలమీదకు వస్తుంది. మీ ఆసుపత్రి కాగితానికీ మేం చెప్పినదానికీ తేడా ఉంటే కాగితం మాటే వినండి, కొందరికి ఆరు వారాలు, కొందరికి ఎనిమిది అంటారు.

రావులపాలెం కోడలు:

అందరికీ చాలా థాంక్సండి. బాబాయ్ గారూ, ఇవాళ పొద్దున్నే మా మావగారు సంతకెళ్ళి కొర్రమీను తెచ్చారు. మా అత్తగారు ఆవిరి పట్టి ముళ్ళు ఏరి మరీ ఇచ్చారు, మా అబ్బాయి ఉగ్గు గిన్నె అటక మీద నుంచి దించి అందులో పెట్టారు. గడియారం పెట్టుకుని నమిలాను, ఆరు చెంచాలకి ఇరవై మూడు నిమిషాలు పట్టింది, ఏడోది తినబుద్ధి అయ్యింది గానీ ఆపేశాను. ఏ ఇబ్బందీ లేదు! నీళ్ళు మాత్రం అరగంట ఆగలేక చచ్చాను.

పులస ఎల్లుండి వస్తుందట. మా అత్తగారు అప్పుడే నా వంతు ముక్క తీసి డీప్ ఫ్రిజ్‌లో పెడతానంటున్నారు, దీపావళికి తినొచ్చు కదా అని. అప్పటిదాకా ముక్క బాగుంటుందంటారా?